దీవి లాడ్జిలో ఇద్దరికీ విశ్రాంతి: పడవ ఎక్కే ముందు నుంచి తిరిగి దిగేదాకా

మారుమూల దీవిలో వారం ఉండి వచ్చి, ఆ అలసట తీరడానికి ఇంట్లో రెండు రోజులు పడుకున్న జంటలు నాకు తెలుసు. మొదటిసారి మేమూ అంతే. తప్పు దీవిది కాదు. ఏ పడవ, ఎక్కడ ఈత, ఈరోజు ఏం చేద్దాం, కరెంటు ఎప్పుడొస్తుంది అంటూ అక్కడికి వెళ్లాక పూటకో నిర్ణయం తీసుకుంటూ కూర్చున్నాం. ఆ నిర్ణయాల్లో చాలావరకు ఇంట్లోనే తీసేసుకోవచ్చని రెండోసారికి గానీ తెలియలేదు.

ఇక్కడ లాడ్జి అంటే పెద్ద రిసార్ట్ అనుకోకండి. ఇసుక మీద నాలుగైదు గుడిసెలు, ఒకే వంటగది, కొన్ని గంటలే ఉండే కరెంటు, పడవలో తప్ప చేరలేని చోటు. దాని గురించే ఈ వరస.

1. ముందు మీరిద్దరూ తేల్చుకోవాల్సినవి

గది బుక్ చేయకముందే ఈ పని చేయండి. చెరో కాగితం తీసుకుని విడివిడిగా రాయండి: అక్కడ తప్పకుండా కావాల్సినవి మూడు, అస్సలు వద్దనుకునేది ఒకటి. తర్వాత కాగితాలు మార్చుకోండి.

ఒకరు "నిద్ర, పుస్తకం, నిద్ర" అని, రెండోవారు "స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్ల పైన తేలుతూ లోపల చూడడం), దీవి చుట్టూ నడక, చేపల పడవ" అని రాయడం మామూలే. ఈ తేడా కాగితం మీద బయటపడితే నవ్వుకుంటారు. మూడోరోజు మధ్యాహ్నం ఎండలో బయటపడితే మాత్రం గొడవే.

ఈ నాలుగూ మాట్లాడేసుకోండి:

- ఆఫీసు ఫోను: పూర్తిగా బందా, రోజుకు ఒకసారి చూడొచ్చా? చూడొచ్చంటే ఏ పూట?
- రోజుకు ఎన్ని పనులు? నా మాట వింటే ఒక్కటే. రెండోది పెట్టుకున్నారంటే గడియారం చూడడం మొదలైనట్టే.
- ఎవరికి వారు ఒంటరిగా ఉండే సమయం. రోజుకు గంటైనా కావాలి. "నాతో విసుగొచ్చిందా" అని ఎవరూ అడక్కూడదు.
- ఏసీ లేకుండా నిద్ర పడుతుందా? ఇక్కడ మొహమాటం వద్దు. పట్టదంటే ఏసీ ఉన్న చోటే చూడండి.

2. ఏ నెల, ఎన్ని రాత్రులు

రాత్రులు నాలుగుకు తగ్గితే వెళ్లకండి. మొదటి రోజు ప్రయాణ బడలికకే పోతుంది, చివరి రోజు సర్దుడుకే పోతుంది. ప్రయాణం రోజుల్ని సెలవులో లెక్కేయొద్దు.

నెల ఎంచుకునేటప్పుడు అందరూ వాన గురించే అడుగుతారు. అంతకంటే ముందు గాలి గురించి అడగాలి. సాయంత్రం గంట కురిసి వెలిసే వానతో ఇబ్బంది లేదు. రోజంతా ఒకే వైపు నుంచి వీచే బలమైన గాలి పడవల్ని ఆపేస్తుంది, నీళ్లను బురద చేస్తుంది, ఒడ్డున కూర్చోనివ్వదు. ఒకే దీవిలో ఒక వైపు అలలు ఎగిసిపడుతుంటే, గాలిమరుగున ఉన్న రెండో వైపు నీళ్లు చెరువులా ఉండొచ్చు. మీరు వెళ్లే నెలలో లాడ్జి ఏ వైపున పడుతుందో కనుక్కోండి.

తుపాను కాలం తప్పించడం ఎలాగూ తప్పదు. అట్లాంటిక్, కరీబియన్ వైపు అది జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. దక్షిణ పసిఫిక్‌లో దాదాపు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. ఆ నెలల్లో గది చవగ్గా దొరికిందంటే కారణం అదే.

తర్వాత చంద్రుణ్ణి చూడండి. పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కల పోటూ (నీళ్లు ఒడ్డుకు పొంగడం) పాటూ (వెనక్కి తీయడం) రెండూ ఎక్కువగా ఉంటాయి. లోతు తక్కువున్న పగడపు దిబ్బల దీవుల్లో అలాంటి రోజుల్లో పాటు సమయానికి నీళ్లు ఎంతో దూరం వెనక్కి పోతాయి, ఈతకు మోకాలి లోతు కూడా మిగలదు. అష్టమి దగ్గరైతే ఆ తేడా తక్కువ. ఈత ముఖ్యమైతే ఇది చూసుకోండి. నక్షత్రాలు కావాలంటే అమావాస్య వారం, రాత్రి ఒడ్డున లైటు లేకుండా నడవాలంటే పౌర్ణమి వారం.

3. లాడ్జికి రాసి అడగాల్సిన ప్రశ్నలు

ఫొటోలు చూసి బుక్ చేయడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఫొటో తీసేది పోటు నిండుగా ఉన్నప్పుడు, పొద్దున ఏడింటికి, జనరేటర్ ఆగి ఉన్నప్పుడు. ఈ జాబితా వాళ్లకు యథాతథంగా పంపండి:

- కరెంటు ఏ గంట నుంచి ఏ గంట దాకా? రాత్రంతా ఫ్యాను తిరుగుతుందా?
- జనరేటర్ ఎక్కడుంది? మా గదికి ఎంత దూరం?
- స్నానానికి మంచినీళ్లా, ఉప్పు నీళ్లా? వేణ్నీళ్లు ఉంటాయా?
- తాగే నీళ్లు మీరిస్తారా, మేం తెచ్చుకోవాలా?
- దోమతెర ఉందా? చిరుగుల్లేకుండా ఉందా?
- గదికీ గదికీ మధ్య దూరమెంత? గోడలు చెక్కవా, తడికలా?
- మంచం పెద్దది ఒకటా, చిన్నవి రెండు కలిపారా?
- గది ముందే ఈత కొట్టొచ్చా? పాటు వేళ కూడానా?
- భోజనం ఏ వేళల్లో? ఫలానా వస్తువు మాకు పడదంటే మార్చగలరా?
- డబ్బు కట్టేది కార్డుతోనా, నోట్లతోనా?
- పడవ రోజుకు ఎన్ని? వాతావరణం బాగోలేక పడవ రాకపోతే గది డబ్బు సంగతేమిటి?
- దగ్గరలో డాక్టరు ఎక్కడ? అక్కడికి పడవలో ఎంతసేపు?

జవాబు ఎలా చదవాలో కూడా చెబుతాను. "సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా" అని అంకెలతో రాస్తే నమ్మండి. "సాధారణంగా ఉంటుంది", "సమస్య ఏమీ లేదు" అన్నారంటే లేదనే లెక్క. జనరేటర్ ప్రశ్న ఒక్కటి దాటేసి మిగతా అన్నింటికీ జవాబిచ్చారంటే అది మీ గది వెనకాలే ఉందని అర్థం. అనుభవం మీద చెబుతున్నాను.

ఇది మీ ఇద్దరి ప్రత్యేకమైన సందర్భమైనా, గది మీద పూలూ కొవ్వొత్తులూ అడగొద్దు. వాటి బదులు వరసలో చివరి గది అడగండి. ఒక వైపే పొరుగువారుంటారు.

4. ప్రయాణాన్ని వెనక నుంచి లెక్కేయడం

విమానం టికెట్ ముందు కొనేసి, తర్వాత పడవ వెతుక్కోవడం తలకిందుల పద్ధతి. పడవ సమయం ముందు ఖాయం చేసుకోండి. దాన్నుంచి వెనక్కి లెక్కేయండి.

- దీవికి వెళ్లే చివరి పడవ ఎక్కే పథకం ఎప్పుడూ వేయొద్దు. దానికి ముందుది పట్టుకునేలా చూసుకోండి.
- విమానం మధ్యాహ్నం దాటాక దిగితే ఆ రాత్రి రేవు ఊళ్లోనే పడుకోండి.
- తిరుగు ప్రయాణంలో విమానానికి ముందు రాత్రి రేవు ఊళ్లో ఉండేలా చూసుకోండి. ఈ ఒక్కదాన్నీ మాత్రం ఎవరి మాటా విని మార్చకండి.

మొదటిసారి మేం ఈ మూడో సూత్రం పాటించలేదు. పొద్దున పడవ, సాయంత్రం విమానం. ఆ పొద్దున గాలి లేచింది, పడవ రాలేదు. దీవిలో ఉన్న చివరి పదహారు గంటలూ ఇద్దరం సముద్రం వైపు చూసింది అందం కోసం కాదు.

పడవ నడిపే మనిషి "ఈరోజు వద్దు" అంటే వద్దు. ఇంకొంచెం డబ్బిస్తామని బతిమాలకండి. డబ్బు తీసుకుని ఆ గాలిలో బయలుదేరే మనిషి పడవ ఎక్కడం అసలే మంచిది కాదు.

పడవలో వాంతులయ్యేవారు మాత్ర బయలుదేరడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. కొన్ని మాత్రలకు మగత వస్తుంది కాబట్టి ఇద్దరూ ఒకేసారి వేసుకుంటే సామాను చూసేవారు ఉండరు. కుదుపు తక్కువగా ఉండేది పడవ మధ్యలో, వెనక వైపున. ముక్కు దగ్గర కూర్చుంటే ఫొటోలు బాగా వస్తాయి, నడుం పోతుంది. చూపు దూరంగా, నీళ్లూ ఆకాశం కలిసేచోట పెట్టండి. ఫోనులోకి చూడకండి.

చాలా దీవుల్లో రేవు ఉండదు. మోకాలి లోతు నీళ్లలో దిగి సంచి నెత్తిన పెట్టుకుని నడవాలి. పొట్టి లాగూ, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. లైఫ్ జాకెట్ ఇస్తే వేసుకోండి. ఇవ్వకపోతే అడగండి.

5. సంచి సర్దడం

చక్రాల సూట్‌కేసు ఇసుకలో కదలదు. మెత్తటి సంచులు రెండు తీసుకోండి. ఒక చిన్న కిటుకు: ఒక్కొక్క సంచిలో ఇద్దరి బట్టలూ సగం సగం పెట్టండి. ఒక సంచి తడిసినా, వెనకబడినా ఇద్దరికీ మార్చుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

నీళ్లు చొరని సంచిలో, ఎప్పుడూ మీ చేతిలో:

- పాస్‌పోర్టులు, టికెట్లు, వాటి కాగితం నకళ్లు
- చిన్న నోట్లు ఎక్కువగా. దీవిలో ఏటీఎం ఉండదు, చిల్లర అంతకంటే ఉండదు
- రోజూ వేసుకునే మందులు, అవసరానికి మూడు రోజులు ఎక్కువ
- పవర్ బ్యాంక్. విమానంలో దీన్ని చేతి సంచిలోనే పెట్టాలి. 100 వాట్-అవర్ల దాకా మామూలుగా అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్-అవర్లు, కాబట్టి సరిపోతుంది

మందుల డబ్బాలో:

- ఓఆర్ఎస్ పొట్లాలు, విరేచనాల మాత్రలు, జ్వరం మాత్రలు
- గాయాలకు యాంటీసెప్టిక్, నీళ్లకు ఊడని ప్లాస్టర్లు
- దురదకు అలర్జీ మాత్ర, పూత మందు
- ముల్లు తీసే చిమటా
- దోమల మందు, డీఈఈటీ (DEET) అనే రసాయనం 20 నుంచి 30 శాతం ఉన్నది
- ఆ ప్రాంతంలో మలేరియా ఉంటే, డాక్టరును అడిగి ముందుగానే మొదలుపెట్టాల్సిన మాత్రలు

గదికి:

- తలకు పెట్టుకునే లైటు చెరొకటి. ఎర్ర కాంతి ఉన్నదైతే ఒకరు లేచినా రెండోవారి నిద్ర చెడదు
- చెవుల్లో పెట్టుకునే బిరడాలు. అలల చప్పుడు మొదటి రాత్రి హాయిగా ఉంటుంది, రెండో రాత్రి ఆపేవాళ్లు లేరా అనిపిస్తుంది
- పలచటి నూలు దుప్పటి, బట్టలు ఆరేసే తాడు
- ముందే డౌన్‌లోడ్ చేసిన పుస్తకాలు, మ్యాపు

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకూడదు. కొన్ని సన్‌స్క్రీన్లలో ఉండే ఆక్సీబెంజోన్ అనే రసాయనం పగడాలకు హాని చేస్తుందని దాన్ని కొన్ని చోట్ల నిషేధించారు కూడా. జింక్ ఆక్సైడ్ ఉన్నది కొంటే ఆ గొడవ ఉండదు. అన్నిటికంటే నమ్మకమైనది పొడుగు చేతుల ఈత చొక్కా.

ఇంట్లో వదిలేయాల్సినవి: లాప్‌టాప్, నగలు, హెయిర్ డ్రయర్. చివరిదాన్ని సోలార్ కరెంటు మీద పెడితే లాడ్జి మొత్తం చీకటి.

6. చేరిన మొదటి మూడు గంటలు

ఈ వరస తప్పొద్దు. సంచి విప్పకముందే గది పరీక్షించాలి. బట్టలు బయట పరిచాక గది మార్చమని అడగడానికి మీకే బద్ధకం వేస్తుంది.

1. మంచం మీద ఇద్దరూ పడుకుని చూడండి. దోమతెర దించి చిరుగులు చూడండి.
2. కుళాయి తిప్పండి, ఫ్లష్ నొక్కండి, తలుపు గడియ వేయండి.
3. గుడిసె పైకి చూడండి. కొబ్బరిచెట్టు కింద ఊయల కట్టి ఉంటే చెట్టుకు కాయలున్నాయేమో చూసి అప్పుడు పడుకోండి.
4. ఏదైనా సరిగా లేకపోతే ఇప్పుడే, మర్యాదగా, ఒకేసారి చెప్పండి.
5. అక్కడివాళ్లను మూడు అడగండి: ఈత ఎక్కడ క్షేమం, ఈరోజు పోటు ఎన్నింటికి, రాత్రి అవసరమైతే ఎవర్ని లేపాలి.

ఆ తర్వాత ఏమీ చేయకండి. తినండి, పడుకోండి. వెలుతురుండగానే దీవంతా చుట్టిరావాలనే తహతహ మొదటి రోజు అందరికీ ఉంటుంది. దాన్ని ఆపుకుంటే మిగతా రోజులు నెమ్మదిస్తాయి.

7. రోజును ఎండను బట్టి నడపడం

గడియారం పక్కన పెట్టి సూర్యుణ్ణీ పోటునూ పట్టుకోండి. తెల్లవారగానే ఈత, నడక. పది నుంచి నాలుగు దాకా ఎండ తీవ్రం, అప్పుడు నీడ, నిద్ర, పుస్తకం. నాలుగు దాటాక మళ్లీ నీళ్లు.

చాలా తీరాల్లో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రేపటి పోటు ఈరోజుకంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. మొదటి రోజు సమయం తెలిస్తే మిగతా రోజులు మీరే చెప్పుకోవచ్చు.

సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, ఈత నుంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. వీపు మీద ఒకరికొకరు రాసుకోండి. దోమల మందు కూడా పూస్తుంటే ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక మందు.

రెండో రోజు మధ్యాహ్నం విసుగొస్తుంది. చెయ్యి ఫోను కోసం వెతుకుతుంది. "ఇక్కడ నాలుగు రోజులు ఏం చేస్తాం" అని ఒకరంటారు. కంగారుపడి పడవ విహారాలు బుక్ చేయకండి. అది ఊరి హడావిడి దిగే గంట. మా విషయంలో ప్రతిసారీ సాయంత్రానికల్లా దిగింది.

8. నీళ్లలో

ఇద్దరే ఉన్న ఒడ్డున కాపలావాళ్లుండరు. కాబట్టి ఒకరు లోతులో ఉంటే రెండోవారు నిలబడగలిగే చోట ఉండాలి. మందు తాగాక నీళ్లలోకి వద్దు. ఇందులో బేరం లేదు.

రిప్ కరెంట్ అంటే ఒడ్డు నుంచి సముద్రం లోపలికి లాక్కుపోయే సన్నటి పాయ. అలలు విరుగుతున్న చోట్ల మధ్య ఒక్కచోట మాత్రం నున్నగా, రంగు మారి కనిపిస్తే అదే కావచ్చు. చూడని కళ్లకు అదే ఈతకు మంచి చోటులా ఉంటుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు పోరాడకండి. ఒడ్డుకు సమాంతరంగా ఈది పాయ దాటండి, తర్వాత వాలుగా ఒడ్డుకు రండి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఒడ్డున ఉన్నవారు వెంట దూకకూడదు. తేలే వస్తువేదైనా విసిరి, జనాన్ని పిలవాలి.

- తోకకు విషపు ముల్లుండే టేకు చేపలు (స్టింగ్‌రే) ఉన్న ఇసుకలో అడుగెత్తి వేయకుండా పాదాలు ఈడుస్తూ నడవండి. చప్పుడుకు తప్పుకుంటాయి. ముల్లు గుచ్చితే గాయాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముల్లు ఛాతీకో కడుపుకో గుచ్చుకుంటే దాన్ని పీకకండి.
- జెల్లీఫిష్ కుడితే సముద్రపు నీళ్లతోనే కడగండి, మంచినీళ్లతో కాదు. రుద్దకండి. వెనిగర్ కొన్ని రకాలకే పనికొస్తుంది, అక్కడ ఏ రకం ఉందో లాడ్జివాళ్లను ముందే అడగండి.
- పగడం గీసుకుంటే చిన్న గీతైనా సబ్బుతో బాగా కడగండి. అది త్వరగా చీము పడుతుంది.
- స్కూబా డైవింగ్ (గాలి సిలిండరుతో నీళ్ల లోపలికి దిగడం) చేస్తే చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. 24 అయితే మేలు.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

*రోజంతా వాన.* పేకముక్కలు తీసుకెళ్లారా? వంటగదిలో వంట నేర్పమని అడగొచ్చా? ఆ రెండూ కాకపోతే నిద్రే. వాన రోజును పాడైన రోజుగా లెక్కేస్తే అది నిజంగానే పాడవుతుంది.

*ఎండకు వీపు కాలింది.* చల్లటి తడిగుడ్డ, ఎక్కువ నీళ్లు, రెండు రోజులు నీడ. బొబ్బలు గిల్లకండి. జ్వరం, వాంతులు తోడైతే డాక్టరే.

*కడుపు చెడింది.* ఓఆర్ఎస్ పొట్లం మీద రాసినంత నీళ్లలోనే కలపండి, తక్కువ నీళ్లలో చిక్కగా కాదు. రక్తం కనిపించినా, ఏదీ నిలవకపోయినా పడవకు చెప్పండి. ఇలాంటప్పుడు రేపు చూద్దాం అనుకోవద్దు.

*ఇసుక ఈగలు.* ఇవి దోమతెర సందుల్లోంచి కూడా దూరేంత చిన్నవి. గాలి నిలిచిన ఉదయ సాయంత్రాల్లో తడి ఇసుక మీద కూర్చోకండి. గాలికి ఎగరలేవు కాబట్టి ఫ్యానున్న చోట, గాలి తగిలే వసారాలో ఉండండి.

*ఇద్దరి మధ్యా మాటామాటా పెరిగింది.* అక్కడ తలుపేసుకుని వెళ్లడానికి రెండో గది ఉండదు, పక్క గుడిసెకు అంతా వినపడుతుంది. ముందు తినండి, నీళ్లు తాగండి. దీవి గొడవల్లో సగం ఆకలివి, ఎండవి. అప్పటికీ తగ్గకపోతే ఒకరు ఒడ్డు వెంట కుడికి, ఒకరు ఎడమకు నడవండి. చిన్న దీవైతే అవతలి వైపున ఎదురుపడతారు.

*ఫొటోల పిచ్చి.* సూర్యాస్తమయం రోజు విడిచి రోజు ఫోను లేకుండా చూడండి. ఫొటో తీసే వంతు ఒకరిదే ఉండనివ్వండి.

10. తిరుగు ప్రయాణం

లెక్కంతా ముందు రాత్రే తేల్చేయండి. పొద్దున పడవ హడావిడిలో చిల్లర దొరకదు, మీరు తాగిన కొబ్బరిబొండాల లెక్క ఎవరికీ గుర్తుండదు.

ముందు రాత్రి జాబితా:

- బిల్లు కట్టడం, పనిచేసినవారికి ఇవ్వదలచుకున్నది చేతికే ఇవ్వడం
- రేపటి పడవ సమయం లాడ్జివాళ్లతో మళ్లీ రూఢి చేసుకోవడం
- తడి బట్టలు వేరే సంచిలో, చేతికందేలా పొడి జత ఒకటి
- వాంతుల మాత్ర జేబులో
- మీరు తెచ్చిన ప్లాస్టిక్ సీసాలు, బ్యాటరీలు తిరుగు సంచిలో. దీవిలో చెత్త పోయేది గుంటలోకో మంటలోకో
- గవ్వలు, పగడపు ముక్కలు సంచిలోంచి తీసి ఒడ్డున పెట్టేయడం. చాలా దేశాల్లో వీటిని పట్టుకెళ్లడం నేరం

పడవ ఎక్కాక ఫోను ఆన్ చేయాలని చెయ్యి లాగుతుంది. రేవు ఊళ్లో గదికి చేరి, స్నానం చేసి, తిన్నాక ఆన్ చేయండి. విమానం ఎలాగూ రేపే కదా.